వానాకాలం బెల్లం పేపరు

"చంటిబాబు గారూ, మీ బెల్లం పేపర్ని దేశంలో సగం మంది రిఫరెన్సుగా వేసుకుంటన్నారు. నేనూ వేసుకున్నాను. మీకు ప్రొఫెసర్ పోస్టు ఖాయం. కమిటీకి ఒక కాపీ ఇచ్చేయండి, చాలు," అంది డిపార్ట్‌మెంట్ హెడ్ దుర్గాలక్ష్మి.

అనకాపల్లి కాలేజీలో లెక్చరరైన చంటిబాబు గుండెల్లో రాయి పడింది. ఆ పేపరు అతను రాస్తే కదా!

ఒకప్పుడు తను రాసిన ఇంకేదో పేపరు చివర రిఫరెన్సులు పలచగా కనబడ్డాయని, 'వానాకాలంలో బెల్లం కారిపోకుండా కాపాడటం' అని లేని పేపరొకటి పుట్టించి, రచయితగా తన పేరే పెట్టుకున్నాడు. దాన్ని చూసి ఒకరు, ఆ ఒకర్ని చూసి పదిమంది ఎత్తి రాసుకున్నారు. తెరిచి చూద్దామని ఒక్క మహానుభావుడికీ తోచలేదు.

"ఏటండీ, అలాగైపోయేరు?"

"ఏటీ లేదు మేడం. ఎక్కడో పెట్టేను. వెతికి తెత్తాను."

వెతికితే దొరికేదా అది? ఉప్మాక వెంకన్నకి మొక్కుకుని, సెలవు పెట్టి, ముసురులో బెల్లం మార్కెట్టంతా తిరిగి, జన్మలో మొదటిసారి ఒళ్లొంచి పరిశోధన చేసేడు. తాటాకు చుట్టిన బెల్లం దిమ్మ నిజంగానే కారలేదు. మురిసిపోయి, అచ్చయితే కమిటీకి అదే ఇచ్చేద్దామని, అదే పేరుతో పేపరు రాసి, రాసిందెవరో పరీక్షించేవాళ్లకి చెప్పని జర్నల్‌కి పంపేడు.

పరీక్షించిన పెద్దమనిషి దగ్గర్నుంచి జవాబు వచ్చింది.

"దీన్ని అచ్చు వెయ్యలేము. ఇది చంటిబాబు గారి ప్రసిద్ధమైన పేపరుకి పచ్చి కాపీ. అసలుది నేను స్వయంగా చదివాను. దాని ముందు ఇదెందుకూ పనికిరాదు."