జత కుదిరితేనే

"అన్నం మాడుస్తుంది. చేప మాడుస్తుంది. ఆఖరికి గంజి కూడా మాడుస్తుంది. గంజి మాడ్చే ఆడదాన్ని ఎక్కడైనా చూశావా పిల్లా?"

హౌసింగ్ ఆఫీసు కౌంటర్లో ఉన్న సురయా లేదన్నట్టు తలూపి, టీ కప్పు పక్కకు జరిపింది. జరపనీ. బీ హువా లెక్కచేయలేదు. జీతమిచ్చి కూర్చోబెట్టింది వినడానికే కదా.

బీ హువాకు డెబ్భై దాటాయి. ఆఫీసుల్లో నేల తుడిచీ, హోటళ్లలో గిన్నెలు తోమీ బతికింది. సింగపూర్లో బయటి అద్దెలు ఆమె వల్ల అయ్యేవి కావు. చివరికి సర్కారే అద్దెలో చాలా భాగం భరించి ఒక గది ఇచ్చింది. ఇచ్చిందంటే ఇచ్చింది. మొగుడూ పెళ్లాలకైతే గది మొత్తం ఇస్తారు. మొగుడు పోయినా, వదిలేసినా, అసలు పెళ్లే కాకపోయినా, ఇంకొకరితో జత కుదిరితేనే తాళంచెవి. ముసలివాళ్లను చెప్పుల్లా జతలు కడతారా అని బీ హువా అప్పుడే కడిగేసింది.

ఆ జతలో రెండోది లాయ్ పెంగ్. ఆవిడలో తిట్టడానికి పనికిరాని భాగమంటూ బీ హువాకు ఇంతవరకూ కనపడలేదు.

నడిస్తే చెప్పులు ఈడుస్తుంది. కిటికీ బయట వెదురుకర్రకు బట్టలారేస్తే మడతలు కూడా విప్పదు. స్నానానికి వెళితే పాట. ఎప్పటిదో పాత పాట, శ్రుతి అన్నది దాని దరిదాపుల్లో ఉండదు. ఆ గొంతు విని మనసు పారేసుకున్న మగాడంటూ ఉంటే వాడికి పుట్టుచెవుడు ఉండి తీరాలని బీ హువా నమ్మకం. అందుకే గది మధ్యలో బీరువా అడ్డం పెట్టించింది. ఫ్యాను గాలి కూడా అటు పోకూడదని.

అన్నిటికన్నా ఆ వాగుడు. మధ్యాహ్నం ఇద్దరూ నేలమీద చతికిలబడి కూరలోకి పెసర మొలకల తోకలు గిల్లుతుంటే మొదలవుతుంది. ఎంతసేపూ చనిపోయిన తన మనిషి గురించే. ఆయనకు వానొస్తే మోకాలు లాగేదట. కుక్క కనబడితే రోడ్డు దాటేసేవాడట. ఈవిడ మాడ్చిన ఉప్పుచేపే కావాలని అడిగి మరీ తినేవాడట.

"మాడుచేప తిన్నవాడి ఘనత ఎవడిక్కావాలి? చెప్పుకోవడానికైనా సిగ్గుండాలి" అంటుంది బీ హువా.

లాయ్ పెంగ్ నొచ్చుకుని నోరు మూసుకుంటుంది. మొలకల గిన్నె సగం నిండేసరికి బీ హువాయే కసురుతుంది. "మాట మొదలెట్టి మధ్యలో ఆపే రోగమొకటి! ఇంతకీ ఆ మోకాలికి డాక్టరేమన్నాడు?"

తనే అడిగే ఈ ముక్క మాత్రం సురయాకు చెప్పేది కాదు. తక్కినవన్నీ వారం వారం వచ్చి చెప్పేది. ఇవాళ కూడా బట్టల సంగతి ముగించి పాట సంగతి ఎత్తుకోబోతుంటే సురయా నవ్వుతూ ఆపింది.

"ఆంటీ, ఇంక మీరు ఇంత ఎండలో రానక్కర్లేదు. పైవాళ్లు మీ మొర విన్నారు. రేపు పొద్దున్నే లాయ్ పెంగ్ ఆంటీని వేరే బ్లాకుకు మార్చేస్తున్నాం."

బీ హువా కౌంటరు మీదికి వంగింది.

"ఆవిడ కూడా ఒప్పుకుంది. 'అక్కకి మనశ్శాంతిగా ఉంటే నాకంతే చాలు' అంది పాపం. సామాన్లు సర్దుకుంటోంది."

"ఎవర్నడిగి సర్దుకుంటోంది?"

"మీరే కదా ఆంటీ, దాన్ని నా కళ్లముందు నుంచి తీసెయ్యండి అన్నారు!"

"అంటాను. నోరున్నాక అనకుండా ఉంటానా? అన్న ప్రతిదీ చేసేస్తారా మీరు? గోడ చెమ్మగిల్లింది చూడండని ఎన్నిసార్లు అన్నాను, అది చేశారా?"

సురయా ఓపిక తెచ్చుకుంది. "మీ గదికి వచ్చే ఆవిడ చాలా మంచిది ఆంటీ. వంట బాగా చేస్తుంది. పాటలు పాడదు. అసలు మాట్లాడనే మాట్లాడదు."

"మాట్లాడదా? నాకు గోడలు చాలవా? ఇంకో గోడ ఎందుకు?"

"పోనీ ఇంకొకావిడ ఉంది. బాగా కబుర్లు చెబుతుంది."

"ఎవరి కబుర్లు? దాని ఊరూ పేరూ ఎవరికి తెలుసు? నాకక్కర్లేదు." బీ హువా బల్లమీద అరచేత్తో కొట్టింది. భయమేసింది ఆమెకు. గది పోతుందని కాదు. ఇంటికి వెళ్లేసరికి బీరువా అవతల పరుపు చుట్టేసి ఉంటుందని. "అది ఎక్కడికీ వెళ్లడానికి వీల్లేదు. రాసుకో. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు."

సురయా కలం కింద పడేసింది. ఇన్నాళ్లుగా బిగబట్టినదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"ఏంటాంటీ ఇది? ఆవిడలో మీకు ఒక్క మంచి గుణం కనపడదు. పొమ్మంటే పోనివ్వరు. మొదట్లో మేమే ఎవర్నో ఒకర్ని చూసిపెడతామన్నాం. ఒద్దంటే ఒద్దని, ఊరంతా గాలించి ఈవిణ్ణే వెంటబెట్టుకొచ్చింది మీరే. ఎందుకు తెచ్చుకున్నట్టు?"

బీ హువా ఆ అమ్మాయిని పైనుంచి కిందిదాకా చూసింది. ఇంత చదువు చదివి ఈ మాత్రం తెలియదా అన్నట్టు పెదవి విరిచింది.

"నన్నొదిలేసి పోయిన నా మొగుడు చచ్చేదాకా కాపురం చేసింది దీంతోనే పిల్లా, ఆ ఏళ్లన్నీ ఆయనెలా బతికాడో అది నాకింకా సగం కూడా చెప్పలేదు!"