జేబుల్ల చేతులు

దుబాయ్ల కంపెనీల నడుమ చిన్న కార్ల రేసు. మా అల్ ఖూజ్ క్యాంపు తరఫున లింబాద్రన్న దిగిండు. పదిహేనేండ్ల సంది మమ్ముల సైటుకు తోలే బస్సు డ్రైవరు.

మొదటి పందెంల అందరికంటే ముందున్నడు. సంబురం ఆగక మేం యాభై మందిమి చేతులూపినం. అంతే, మా ముందలికొచ్చి బ్రేకు తొక్కిండు! ఎనకోళ్లంత దాటిపోయిండ్రు.

"ఏందన్నా గిది?"

"చెయ్యెత్తినోన్ని ఇడిసి ఎట్ల పోతరా?"

ఇగ రెండో పందెమే దిక్కు. అందరం ఒట్టు వెట్టుకొని చేతులు జేబుల్ల కుక్కుకున్నం. గొంతులు పోయేటట్టు ఒర్లినం గని ఒక్క చెయ్యి బయటికి రాలే.

లింబాద్రన్న గెలిసిండు! జేబుల్ల చేతులతోనే కోతుల లెక్క ఎగిరినం.

గని ఆయన ఆగుతలేడు. పందెం ఖలాస్ అయినంక ఇంకో చుట్టు, మళ్లొక చుట్టు. బ్రేకులు పోయినయేమో అనుకున్న. ఒట్టు మరిచి చెయ్యెత్తిన.

సర్రున నా ముందల ఆగిండు. అలిగిన మొఖంతోని అన్నడు:

"గెలిసి రెండు చుట్లాయె, ఒక్కడన్న చెయ్యెత్తకపోతిరి. మిమ్ముల ఎక్కించుకోకుండ ఒక్కన్నే యాడికి పోవాలెరా?"