క్లచ్ స్లిప్పు

మన బొల్లాపల్లి బస్సును ఆపిన దుర్మార్గుడు డిపో మేనేజరే! “క్లచ్ స్లిప్పు, బస్సు పోదు” అని డ్రైవర్ అనగానే నాకు మండింది. ఫుట్‌బోర్డెక్కి, “ఒక్క స్లిప్పు రాసివ్వడానికి కూడా ఆ మేనేజరుకి లంచమా?” అని అరిచాను.

నరసరావుపేటలో కూతురి కాన్పుకి బయల్దేరిన జైనాబ్ బీ పిన్ని సీట్లోంచి లేవనంది.

డ్రైవర్ నావైపు చూసి గేరేశాడు. ఇంజను గర్జించింది. బస్సు ఎత్తెక్కలేక వెనక్కి జారింది. ఫుట్‌బోర్డు మీంచి నేనూ జారాను.

“అరవడమేగానీ కదల్దేందిరా ఇది, అచ్చం నీలాగే!” అంది పిన్ని.

స్లిప్పంటే కాయితం కాదని దుమ్ములో కూర్చున్నాక తెలిసింది.

కామ్రేడ్స్! ఇంజను చల్లారాక, నాలుగింటికి అందరూ ఎత్తు దగ్గరికి రండి. జెండాలొద్దు. పిన్ని పేట చేరాలి, బస్సును తొయ్యాలి.