సంగటి ఉండాది

నెయ్యికారం దోసె మొదటి ముక్క తుంచేలోపే యామిని ఫోను మోగింది.

ఆమె పరిశోధన పత్రం కింద ఎవరో మళ్ళీ వ్యాఖ్య పెట్టారు.

'అమ్మా, ఆ రికార్డింగు ఒకసారి వినండి. ఆమె సంగటి ఉంది అనలేదు. ఉండాది అనింది. ఇట్లు, పెద్దన్న.'

"చూడు బావా, మళ్ళీ ఈయప్పే," అంటూ ఫోను భర్త ముందుకు జరిపింది.

పెళ్ళయిన కొత్త. కడప హోటల్లో ఇద్దరూ ఒకే ప్లేటులో తినడం కూడా వాళ్ళకు పండగే.

"పెద్దన్నంట, ఎవురికి పెద్దన్న?" భూపేష్ నవ్వాడు. "బామ్మర్దులు లేరనే గదా నిన్ను చేసుకుంటి. ఈడు యాడ్నుంచి ఊడిపడినాడు?"

యామిని పక్కున నవ్వింది.

ఆమె పరిశోధన కడప జిల్లా మాటల మీద. ఒక సంస్థ పల్లెల్లో పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేసి, ఖాతా తెరిచి ఎవరైనా వాడుకోవచ్చని తన సైటులో ఉచితంగా పెట్టింది. మాట్లాడినవాళ్ళ పేర్లు మాత్రం బయటపెట్టదు. ఆ మాటల్ని అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ కూడా అక్కడే ఉంది.

అది రాసిచ్చిన అక్షరాల్ని నమ్ముకునే యామిని పత్రం తయారు చేసింది. వేంపల్లె వైపు ముసలివాళ్ళ నోట కూడా 'ఉండాది' పోయి 'ఉంది' వచ్చేసిందని తేల్చింది.

పత్రికకు పంపిన పత్రాన్ని ఇప్పుడు ముందుగానే అందరికీ చూపిస్తున్నారు. ఆమె పత్రం కూడా అదే సైటులో, ఆ రికార్డింగుల కిందే కనపడుతోంది. ఎవరైనా చదవొచ్చు, అడగొచ్చు. పత్రిక అచ్చు వేసుకుంటేనే ఆమెకు డాక్టరేటు.

"ఇంతకూ నువ్వు ఇన్న్యావా?" అన్నాడు భూపేష్.

"పెండ్లి పనుల్లో యాడ ఇననిచ్చినారు?"

"పత్రంలో ఏం రాసినావు?"

"అన్నీ ఇన్న్యానని."

భూపేష్ తినడం ఆపాడు.

"అయితే ఇప్పుడిను."

"తర్వాత ఇంటాలే బావా. దోసె సల్లారిపోతాంది."

ఎడమచేత్తోనే జవాబు కొట్టింది. 'నాకు పెద్దన్నల సలహాలు అక్కర్లేదు. ఆమె ఏమన్నదో యంత్రం కన్నా మీకు బాగా తెలుసా?'

వెంటనే తిరుగు జవాబు వచ్చింది.

'తెలుసమ్మా.'

ఆ ఒక్క మాట ఆమెను భయపెట్టింది. వినకుండానే విన్నానని రాసిన సంగతి ఈయన వల్లే బయటపడుతుందేమో.

ఇంటికి రాగానే సైటువాళ్ళకు ఫిర్యాదు పెట్టింది, ఎవరో పెద్దన్న తనను వేధిస్తున్నాడని. వాళ్ళు ఆయన ఖాతా ఆపేశారు. వ్యాఖ్యలన్నీ మాయమయ్యాయి.

కొన్నాళ్ళకు పత్రిక ఒప్పుకుంది. భూపేష్ మల్లెపూలూ మైసూరుపాకూ రెండూ తెచ్చాడు. ఏది ముందు అందుకోవాలో తెలియక యామిని నవ్వుతూ నిలబడిపోయింది.

ఆ మరునాడే సంపాదకుడు ఫోను చేశాడు.

"ఇప్పుడు ఉదాహరణ పక్కనే గొంతు కూడా పెడుతున్నామమ్మా. చదివేవాళ్ళు నొక్కితే వినపడాలి. ఆ సంగటి వాక్యం కత్తిరించి పంపండి."

ఇద్దరూ మంచం మీద కూర్చున్నారు. ఇయర్‌ఫోను ఒకటి ఆమె చెవిలో, ఇంకొకటి అతని చెవిలో.

ముసలి గొంతు. గిన్నె మీద మూత తీసిన చప్పుడు.

"రా నాయనా, సంగటి ఉండాది, తినిపో."

భూపేష్ మెల్లగా అన్నాడు. "ఉండాది అనె గదా."

యామిని మళ్ళీ విన్నది. ఇంకో రికార్డింగు తెరిచింది. అందులోనూ ఉండాది. ఇంకోటి తెరిచింది. అంతే.

మాట ఎక్కడికీ పోలేదు. సాఫ్ట్‌వేర్ దాన్ని దిద్దేసింది. దిద్దిన దాని కింద తను సంతకం పెట్టింది. తప్పని చెప్పిన ఒక్క మనిషి నోరూ మూయించింది.

"ఇప్పుడేం జేస్తావు?"

"ముందు ఆయనతో మాట్లాడాల బావా."

సంస్థ వాళ్ళను బతిమాలింది. ఆయన్ను అడిగి, సరేనన్నాక నంబరు ఇచ్చారు.

"ఎవురమ్మా?" అవతల ఒక పెద్దాయన గొంతు.

"నేను సార్, యామినిని. ఆ పత్రం రాసిన..."

"ఓ, నువ్వామ్మా. బాగుండావా?"

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

"మీరు చెప్పిందే నిజం సార్. నేను ఇనకుండానే ఇన్న్యానని రాసినా. పెద్దన్న అని పెట్టుకుంటే, నా మీద పెద్దరికం చేస్తాండారనుకున్యా."

ఆయన నవ్వాడు. "అది మా జేజినాయన పేరమ్మా, తాత పేరని నాకు పెట్టినారు. ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచీ అందరికీ పెద్దన్ననే."

"పత్రం వెనక్కి తీసుకుంటాండా సార్."

"ఎందుకమ్మా, సరిజేసుకో. ఉండాది అనే మాట ఇంకా ఉండాదని రాయి, సాలు."

యామిని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నాదొక పనుండాది, చేసిపెడతావా?" మొహమాటంగా అడిగాడాయన.

"చెప్పండి సార్."

"నన్ను ఆపేసినాక ఆ సైటులో నాకేమీ తెరుచుకోడం ల్యా. పొద్దున లేస్తానే ఒకటి ఇనేది అలవాటు. అదొక్కటి నా ఫోనుకు పంపీమ్మా."

"ఏది కావాల సార్?"

"ఆ సంగటిదేనమ్మా. మాయమ్మ పోయినాక, ఆమె నన్ను పిలిచిన మాట ఇంక యాడా ల్యా."