మూత తీయని రోస్టర్

"మూత ముట్టుకున్నావంటే మర్యాద దక్కదు, జోలిన్!"

చాచిన చేతిని కోడలు చటుక్కున వెనక్కు తీసుకున్నది. వెనుక వరండాలోని బల్లమీద మాంసం వండే కరెంటు పాత్ర, రోస్టర్, ఉదయం నుండి ఆవిరి కక్కుతున్నది. ఓవెన్ నిండా గుమ్మడికాయ పైలు అనే తీపి వంటకం ఉండటం వలన, ఆ ఇంట థాంక్స్‌గివింగ్ పండుగ టర్కీకోడి ఏటా రోస్టర్‌లోనే ఉడకవలసి వచ్చేది. అత్తగారు ఆర్డిస్ వండే రసం ఊరే టర్కీకి సాటి ఆ విస్కాన్సిన్ పల్లెలో మరొకటి లేదని ప్రతీతి.

"చూడకుండా ఎలా నేర్చుకోను, అత్తయ్యా? వచ్చే ఏడాది వంట నాదేనని నిన్న చుట్టాలందరి ముందూ మీరే అన్నారుగా! ఇరవైమంది ముందు నా పరువేం కాను?"

"నేర్చుకోడానికేముంది? మూత తీయకు. తీస్తే ఆవిరి పోతుంది, మాంసం పీచైపోతుంది. అంతే విద్య."

"పోయిన క్రిస్మస్‌కి నేను వండినప్పుడూ మూత తీయలేదు. అయినా మామయ్యగారు ముక్కముక్కకీ మంచినీళ్ళు తాగి మింగారు."

"ఆయన మర్యాదస్తుడు కనక నోరెత్తలేదు. అదే పక్కింటి వెర్నా అయితే ఊరంతా టముకు వేసేది."

గుమ్మడికాయ పైలంటే ఆ ఊళ్ళో వెర్నావే. ఆర్డిస్‌కూ ఆమెకూ ముప్పై యేళ్ళుగా మాటలు లేవన్న సంగతి కూడా ఊరందరికీ తెలిసినదే.

ఇంతలో ఓవెన్ గంట మోగింది. ఆర్డిస్ లోపలికి వెళ్ళిన మరుక్షణం జోలిన్ గుండె దిటవు చేసుకొని మూత ఎత్తింది.

తెర్లుతున్న నీళ్ళలో రెండు ఉల్లిపాయలు, గుప్పెడు సేజ్ అనే ఘాటైన వాసన ఆకులు. అంతే.

"అత్తయ్యా! టర్కీ ఏదీ?"

"అరవకు! హాల్లో మగవాళ్ళు ఫుట్‌బాల్ చూస్తున్నారు." ఆర్డిస్ పరుగున వచ్చి మూత పెట్టింది. "వాసన రావద్దూ మరి? టర్కీ మూడింటికి వస్తుంది. వెర్నా కంచె దగ్గరకి తెస్తుంది."

"వెర్నానా! మీ టర్కీ వండేది ఆవిడా? మరి మీకు మాటలు..."

"మాటలుంటే జనానికి అనుమానం రాదూ?"

"అయ్యో, మరి వచ్చే ఏడాది నా గతేమిటి?"

ఆర్డిస్ వేడి పైలను బుట్టలో సర్ది, గుడ్డ కప్పి, కోడలి చేతుల్లో పెట్టింది.

"ఇవి కంచె మీదుగా అందించిరా. నువ్వు నేర్చుకోవలసింది టర్కీ కాదమ్మాయ్, వెర్నా పైలు!"