చక్‌లో వదిలిన కీ

“ముందు తుడువు,” అన్నాడు ఫోర్‌మన్.

ఆమె అప్పటికే తుడుస్తోంది. మిల్లింగ్ మెషీన్‌లో తిరిగే కదురు లోపలా, బిట్టుని పట్టి ఉంచే డ్రిల్ చక్ కాడ మీదా నూనె జిడ్డు లేకుండా పొడిగుడ్డతో తుడిచింది. చక్‌ని పైకి ఎక్కించి, పైనుంచి పొడవాటి బోల్టు బిగించింది. పానా అక్కడే మరిచిపోకుండా తీసి బల్ల మీద పెట్టింది.

ఆయన తలూపితే ఆమెకి ఉద్యోగం. లేదంటే ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని మళ్లీ ఫ్యాక్టరీ గేట్ల చుట్టూ తిరగడమే. ఫోర్‌మన్‌కి కన్ను ఒకటే గానీ, నోరు ఇద్దరికి సరిపోతుంది.

“ఆ కోటేమిటి? స్టోర్ వాడికి నీ కొలత దొరకలేదా? మెషీన్‌కి చిక్కితే నీతో పాటు నా ఉద్యోగమూ పోతుంది.”

“చేతులు గట్టిగా మడిచాను సార్.”

ఆయన ఒక మిల్లింగ్ కట్టర్ అందించాడు. “ఇది ఆ చక్‌లో బిగించు.”

“ఇది ఇందులో పెట్టకూడదు సార్. పక్కకి కోస్తుంటే ఆ తోపుకి చక్ ఊడొస్తుంది. చక్‌లో డ్రిల్ బిట్టే పెట్టాలి.”

“ఎవరు నేర్పారు?”

“మా ఇంట్లోనే. అన్నం తింటూ కూడా ఇవే కబుర్లు.”

“మీ నాన్న ఈ పనివాడా? అదీ సంగతి.” ఫోర్‌మన్ మొదటిసారి మెత్తబడ్డాడు. “అలాంటి ఇంట్లో పుట్టుంటే ఆ దరిద్రుడూ బాగుపడేవాడు.”

“ఎవరు సార్?”

“ఈ మెషీన్ మీదే చేసేవాడు. చక్ బిగించే కీ తీయకుండా అందులోనే వదిలేశాడు. నేనొచ్చి స్విచ్ నొక్కాను. కీ ఎగిరొచ్చి కంట్లో కొట్టింది.” ఎడమ కన్నుండాల్సిన చోటు చూపించాడు. “ఆ రోజే గెంటించాను. ఏ షెడ్డులోనూ అడుగు పెట్టనివ్వలేదు.”

“తను వదల్లేదని అనలేదా?”

“అనకేం, కాళ్లు పట్టుకుని మరీ అన్నాడు. చివరికి ఆ దిగులుతోనే పోయాడట. తప్పు లేనివాడికి దిగులెందుకు?”

ఆమె బల్ల మీది ఇనుప రజను బ్రష్‌తో ఊడ్చింది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది.

“వదలడం మీరు చూశారా సార్?”

“చూడాలా? నేను వదలను. మరి వాడే కదా.” ఫోర్‌మన్ చక్‌లో ఒక డ్రిల్ బిట్టు పెట్టి, బల్ల మీది కీ అందుకుని బిగించసాగాడు. “ఇలా చూడు. బిట్టు నిటారుగా ఉండాలి. ఒక్క రంధ్రంలో బిగిస్తే చాలదు, మూడింట్లోనూ తిప్పాలి. బిగించాక కీ...”

“సార్, లారీ వచ్చింది!” గుమ్మంలోంచి ఎవరో కేకేశారు.

“వస్తే రానీ, హారతి ఇవ్వాలా?” అటు తిరిగి అరిచి, ఇటు తిరిగి, స్విచ్ మీద చెయ్యేశాడు.

ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో చక్‌లో నిలబడి ఉన్న కీని తీసి ఆయన ముందు పెట్టింది.

ఫోర్‌మన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఎడమవైపు... నాకు కనబడదు కదమ్మా.”

“అప్పుడు కనబడేది కదా సార్.”

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. కీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“ఇది ఎవరికీ చెప్పకు. ఉద్యోగం నీదే,” అన్నాడు చివరికి. ఆమె కదలలేదు. ఆయన తలెత్తి ఆమెని పరీక్షగా చూశాడు. “అసలు ఎవరమ్మా నువ్వు?”

ఆమె మడిచిన కోటు చేతులు ఒక్కొక్కటే కిందికి దించింది. అవి వేళ్లు దాటి వేలాడాయి.

“ఈ కోటు మా ఆయనది.”