కంపెనీ మనిషి

రెండు బస్సులూ ఊరు దాటకముందే ఆగిపోయాయి.

రోడ్డుకి అడ్డంగా టైర్లు తగలబడుతున్నాయి. వాటి వెనక పుంటా ఓండా ఊరంతా నిలబడి ఉంది. హోటల్లో దుప్పట్లు ఉతికేవాళ్ళు, వంటవాళ్ళు, చేపలు తెచ్చేవాళ్ళు, పడవల్లో షికారు తిప్పేవాళ్ళు.

సన్‌పెన్నీ కంపెనీ దివాలా తీసిందని ముందురోజు రేడియోలో చెప్పారు. కెనడా నుంచి జనాన్ని చవగ్గా విమానాల్లో తెచ్చి ఈ ఊరి హోటల్లో దింపే కంపెనీ అది. కంపెనీ హోటలుకి కట్టలేదు. హోటలు ఊరికి ఇవ్వలేదు. హోటలు యజమాని చడీచప్పుడు లేకుండా రాజధానికి చెక్కేశాడు.

ఇక్కడ చిక్కుకుపోయిన టూరిస్టుల కోసం వాళ్ళ ప్రభుత్వం విమానం పంపింది. బస్సులు దాన్ని అందుకోవడానికే బయల్దేరాయి.

"మా జీతాలు ఇచ్చి కదలండి!" అని అరిచింది ఎనేయిదా. పెళ్ళి కాకముందు నుంచీ ఆ హోటల్లో బట్టలు ఉతుకుతోంది ఆమె.

బస్సు డ్రైవరు ఉబాల్దో కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. ఆ ఊరివాడే.

"అక్కా, లోపల ఒక ముసలాయనకి ఊపిరాడట్లేదు. మందులు అయిపోయాయట. పోనివ్వు."

"మా అమ్మకి మందులున్నాయా? నెలల తరబడి జీతం లేకపోతే మా కోసం ఏ బస్సు వచ్చిందిరా?"

"వీళ్ళేం చేశారక్కా?"

"తిన్నారు. తాగారు. నేనుతికిన దుప్పట్ల మీద దొర్లారు. ఇప్పుడు విమానమెక్కి పోతారు. మేమెక్కడికి పోవాలి?"

జనం ఒక్కసారిగా గోల చేశారు.

"కంపెనీ మనిషిని దింపు! ఎవడు లోపల కంపెనీ మనిషి?"

బస్సులో ఎవరూ కదల్లేదు.

తర్వాత ఒక లావుపాటి ఆవిడ లేచింది. యాభై దాటి ఉంటాయి. ఎండకి ముక్కు కందిపోయి పొట్టు లేచింది. మెట్లు దిగి, వచ్చీరాని భాషలో అంది.

"నేను. కంపెనీ, నేను."

లోపలి నుంచి ఎవరో ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగబోయారు. విడిపించుకుంది.

"నన్ను ఉంచండి. బస్సు పంపండి. పెద్దాయన... పాపం."

"మహారాణి దిగొచ్చిందర్రా, పల్లకీ తేండి!" అన్నాడు తెలెస్ఫోరో అనే జాలరి.

ఎనేయిదా నవ్వలేదు. మంట పక్కలకి పాకకుండా తెచ్చిపెట్టుకున్న మురికినీళ్ళ బకెట్టు ఎత్తి, ఆవిడ నెత్తిన గుమ్మరించింది.

ఆవిడ చేత్తో కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ బస్సు వైపే చూపించింది.

టైర్లు పక్కకి లాగారు. బస్సులు కదిలాయి. కిటికీల్లో మొహాలు ఏడుస్తున్నాయి.

"దొంగ ఏడుపులు," అంది ఎనేయిదా.

బస్సు దిగిన ఆవిణ్ణి రోడ్డు పక్క ఎండలోనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు.

"మీ దొరకి ఫోన్ చెయ్యి," అంది ఎనేయిదా.

"నంబరు లేదు."

"కంపెనీలో ఉండి దొర నంబరు లేదా? ఎవరి చెవిలో పువ్వులు పెడతావు?"

ఆమె తల వంచుకుంది.

"మా డబ్బేదీ?"

"తెలీదు."

"సిగ్గు లేదూ?"

"ఉంది," అంది ఆమె. "చాలా."

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. పడవ అమ్ముకున్నవాడు వచ్చాడు. కూతురి చదువు మాన్పించిన వంటమనిషి వచ్చింది. అందరూ ఆమె మొహం మీదే తిట్టారు. ఆమెకి సగం అర్థమైందో, అంతకూడా కాలేదో. ప్రతి ఒక్కరి కళ్ళలోకీ చూసి, "క్షమించండి," అంది.

మిట్టమధ్యాహ్నానికి ఆమె కుర్చీలో తూలడం మొదలుపెట్టింది.

"గుక్కెడు నీళ్ళయినా ఇద్దామే," అన్నాడు తెలెస్ఫోరో.

"మన రక్తం తాగింది చాల్లేదా? కూర్చోనీ," అంది ఎనేయిదా.

నెత్తిమీద నుంచి విమానం వెళ్ళింది. అందరూ తలెత్తి చూశారు. ఆమె కూడా చూసింది, అది కనుమరుగయ్యేదాకా.

కాసేపటికి పోలీసు జీపు వచ్చింది. ఆమెని ఎక్కిస్తుండగా గుంపులోంచి ఒక రాయి వచ్చి కణతకి తగిలింది. రక్తం చెంప మీదుగా కారింది. ఎవరు విసిరారో తెలియదు గానీ జనం చప్పట్లు కొట్టారు.

ఎనేయిదా కూడా కొట్టింది.

పొద్దువాలేవేళ ఉబాల్దో ఖాళీ బస్సుతో తిరిగొచ్చాడు. ఇంజను ఆపకుండానే దూకాడు.

"ఆవిడేది?"

"పోలీసులు రాజధానికి తీసుకుపోయారు. తల పగిలిందిలే. కంపెనీ వాళ్ళకి ఆ మాత్రం శాస్తి జరగాలి."

ఉబాల్దో బస్సు రేకు మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు.

"మనం మనుషులమేనా అక్కా? కంపెనీ వాడు తెల్లారకముందే టాక్సీ ఎక్కి పారిపోయాడు. ఎయిర్‌పోర్టులో టూరిస్టులంతా నా చొక్కా పట్టుకుని ఏడ్చారు, వెనక్కి పోయి ఆవిణ్ణి తీసుకురమ్మని."

ఎనేయిదా రోడ్డు పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"మరి... ఆ ముసలాయన ఆవిడ మొగుడా?"

"ఎవరో కూడా తెలీదట."

"మరి ఆవిడెవరురా?"

ఉబాల్దో ఆమె వైపు చూడకుండా చెప్పాడు.

"ఎక్కడో మంచుదేశంలో బడిపిల్లలకి వంట చేసిపెట్టే మనిషట, జన్మకొక్కసారి సముద్రం చూద్దామని కూడబెట్టుకుని మనూరొచ్చిందట."